మునుగుతుందా, మునగవచ్చా

ప్రణాళికా కార్యాలయం రెండో అంతస్తులో ఉదయం పదింటికి మొదట ఫ్యాన్లు వేస్తారు. మంచు నివేదిక చర్చకు వచ్చే రోజయితే, ఆ వెంటనే కింద ఉన్న ఫైళ్ళన్నీ ఎత్తి బీరువాల మీద పెడతారు. ఆ నివేదిక తెరిచి చదవడం మొదలుపెడితే చాలు, గుమ్మం కిందనుంచి సముద్రం లోపలికి వస్తుంది. తొమ్మిదో పేజీకి చీలమండలు తడుస్తాయి. గుమాస్తాలు ప్యాంట్లు మడుచుకుని తమ పని తాము చేసుకుంటారు. ఉప్పునీళ్ళకి నేలంతా చారలు పడతాయని నేల తుడిచే ఆయమ్మ మాత్రం విసుక్కుంటుంది.

ఆ నీళ్ళను వెనక్కి పంపేది వచ్చు గారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకూ ఒకటుంది గానీ, అది సర్వీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినబడదు. పెద్దవాళ్ళు చదవడానికి ముప్పై ఒక్క ఏళ్ళుగా నివేదికలకు సారాంశాలు రాసేది ఆయనే. కరుగుతుంది అని ఉంటే కరగవచ్చు అని రాస్తారు. కూలుతుంది అని ఉంటే కూలవచ్చు అంటారు. అలవాటు కొద్దీ కూతురి శుభలేఖ ప్రూఫులో "పెళ్ళి జరగవచ్చు" అని దిద్దేసి, వియ్యపురాలి చేత చీవాట్లు కూడా తిన్నారు. మంచు నివేదికకు ఆ మాట తగిలించగానే సముద్రం వచ్చిన దారినే జారిపోయేది. అందరూ హమ్మయ్య అనుకుని టీ తాగేవాళ్ళు.

ఆ నివేదిక రాసినావిడ ధ్రువాల మంచు మీద పదకొండేళ్ళు పనిచేసిన పరిశోధకురాలు. ఆఫీసులో అందరూ ఆమెను చాటుగా "మంచుగడ్డ" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లెక్కచేయదు. ఇప్పటికి నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ తొమ్మిదో పేజీ దగ్గరే ఆపేశారు. ఇవాళ ఐదోసారి. ఆరోసారి ఉండదు. రేవు పక్కన పల్లపు నేలలో కొత్త ప్రసూతి ఆస్పత్రికి ఇవాళే సంతకాలు పడతాయి. సారాంశంలో "మునుగుతుంది" అని ఉంటే అక్కడ కట్టకూడదని నిబంధన. "మునగవచ్చు" అని ఉంటే కట్టవచ్చు.

పొద్దున ఆమె బయల్దేరుతుంటే పాత ఆస్పత్రిలో నర్సుగా చేసే వాళ్ళక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరిని పడుకోబెడుతున్నానే. పదేళ్ళు అడగ్గా అడగ్గా ఇప్పటికి కదిలింది. దానికి అడ్డం పడింది నా చెల్లెలేనని అందరూ అంటే, నేను తలెక్కడ పెట్టుకోవాలి?"

"ఆస్పత్రి వద్దనట్లేదక్కా. అక్కడ వద్దంటున్నా. గుట్ట మీద స్థలం ఖాళీగానే ఉందిగా."

"నువ్వు చెప్తే వాళ్ళు వింటారా?"

"వినకపోతే లేచి రాను."

సమావేశం గదిలో అధ్యక్షుడు మంచి హుషారు మీదున్నాడు.

"చివరిదాకా చదవనివ్వట్లేదని మీరు పత్రికలకెక్కారు కదమ్మా. సరే, ఇవాళ ఎంత కావాలంటే అంత చదువుకోండి. చివర్లో మన వచ్చు గారు ఉండనే ఉన్నారు."

సభ్యులు నవ్వుతూ కాళ్ళు కుర్చీల మీదికి మడుచుకున్నారు.

"ముప్పై ఒకటో పేజీ దాటితే సంగతి వేరేగా ఉంటుందండీ. ముందే చెప్తున్నా," అంది ఆమె.

"కానివ్వండమ్మా."

చదివింది. ముప్పై ఒకటో పేజీకి నీళ్ళు కుర్చీల ఎత్తుకు వచ్చాయి. మంచుపలక ఒక హద్దు దాటి పలచబడిందంటే, ఆ తర్వాత మళ్ళీ చలి వచ్చినా అది గట్టిపడదని, కరుగుతూనే పోతుందని ఆ పేజీలో ఉంది. ఆమె ఆగి అధ్యక్షుడి వైపు చూసింది. ఆయన చదవమన్నట్టు చెయ్యి ఊపాడు. పేజీ తిప్పింది. ఆఖరి పేజీకి సభ్యులంతా బల్ల ఎక్కేశారు. ఎవరిదో ఒక చెప్పు తేలుతూ తలుపు వైపు వెళ్ళింది. వచ్చు గారు మాత్రం గోడ పక్కన నడుముదాకా నీళ్ళలో నిలబడి, అట్ట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నారు.

"అయిందిగా. వేయండి," అన్నాడు అధ్యక్షుడు బల్ల మీదనుంచి.

వచ్చు గారు "మునగవచ్చు" అని రాశారు. అందరూ నీళ్ళ వైపు చూశారు. అవి కదల్లేదు.

"ఇంకోటి వేయండి."

"మునగవచ్చునేమోనని అనుకోవచ్చు" అని రాశారు. అయినా దిగలేదు.

"ఏమిటండీ ఇది? ఎప్పుడూ దిగేదిగా!"

వచ్చు గారు నీళ్ళు నమిలారు. ఇన్నేళ్ళ కొలువులో అవి ఉప్పగా తగలడం ఇదే మొదటిసారి.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఫైలు నెత్తి మీదికెత్తి పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ హద్దుకు ఇవతలే ఆపారు కాబట్టి దిగింది. ఇవాళ దాటారు. ఇక మీరేం రాసినా దిగదు. పదకొండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదొక్కటే."

"ముందు మీరు బల్ల ఎక్కండమ్మా."

"ఎక్కను. రేపు ఇవే నీళ్ళలో నెలలు నిండినవాళ్ళుంటారు, పురిటి పిల్లలుంటారు. వాళ్ళను ఏ బల్ల ఎక్కమంటారు? మునుగుతుందని రాసేదాకా నేను లేవను."

అధ్యక్షుడికి చిర్రెత్తుకొచ్చింది. "ఆవిడ లేస్తే లేస్తుంది, లేకపోతే లేదు. మునగవచ్చు అనే ఉంచి సంతకాలకు పెట్టండి, వచ్చు గారూ."

వచ్చు గారు కాగితాన్ని చూశారు. తడిసి ఒంటికి అంటుకుపోయిన చొక్కాను చూసుకున్నారు. ఇంకొక్క నెల గడిస్తే పూలదండ వేసి ఇంటికి పంపిస్తారు. ఆయన కలం తీసి రాసిందంతా కొట్టేశారు. "మునుగుతుంది" అని రాసి, కింద సంతకం కూడా పెట్టేశారు. ఆయన సంతకం పడ్డ సారాంశాన్ని ఇంకెవరూ దిద్దకూడదు. ఆ నిబంధన తెచ్చింది అధ్యక్షుడే.

"ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?" అని అరిచాడు ఆయన.

"నడుముదాకా తడిసి కూడా తడవవచ్చు అని రాయమంటారా అండీ?" అన్నారు వచ్చు గారు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. కిందికి దిగి, బట్టలు పిండుకుంటూ అక్కకు ఫోన్ చేసింది. పై గదిలో ఏమీ తగ్గని సముద్రం ఒక్కో మెట్టే కిందికీ పొర్లి వస్తోంది.

"అక్కా, రేవులో కట్టరు. గుట్ట మీదే."



"నిండు చూలాలు గుట్ట ఎలా ఎక్కుతుందే? దారి వేస్తారా? బస్సు నడుపుతారా?"

"అదింకా అడగలేదు."

"వాళ్ళెక్కడున్నారిప్పుడు?"

"బల్ల మీద."

"అయితే ఇప్పుడే వెళ్ళి రాయించుకునిరా. ఒకసారి దిగారంటే మళ్ళీ దొరకరు."

ఆమె ఫోన్ పెట్టేసి, దిగి వస్తున్న నీళ్ళకు ఎదురు మెట్లెక్కింది.