క్యాసెట్‌లో ఆ కేక

"ఆదివారం దాకా కూరల్లో కారం వెయ్యకు, గొంతు పట్టేస్తుంది" అన్నాడు అజయ్ వంటింట్లోకి తొంగిచూసి. సుభాషిణి కారం డబ్బా మళ్ళీ అరలో పెట్టేసింది. గుంటూరులో పుట్టిన మనిషి ఢిల్లీలో ఈ వసంత్ కుంజ్ ఫ్లాట్‌లో నాలుగేళ్ళుగా చప్పిడి తింటోంది, మొగుడు హెవీ మెటల్ అనే గొంతు చించుకునే ఇంగ్లీషు పాటలు పాడతాడు గనక. అదేం సంగీతమని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోవచ్చు గానీ, ఆ గొంతు వెనక ఎంత చాకిరీ ఉందో మాత్రం చెప్పగలదు. మిరియాల కషాయం, మెడకు మఫ్లరు, పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే తనకు జలుబు చేసి గొంతు పోతే మాత్రం, "ఫైళ్ళు రాయడానికి గొంతెందుకు?" అన్నాడు.

అజయ్‌కి సొంత బ్యాండు ఉంది. పేరు మాత్రం వేరే బ్యాండ్లలో అతిథిగా పాడి తెచ్చుకున్నదే. వాళ్ళు పాట పంపితే ఒక్కరోజులో నేర్చేసుకుంటాడని ఢిల్లీలో అందరూ చెప్పుకుంటారు. ఆ ఒక్కరోజు ఎవరిదో ఎవరూ అడగరు. ఆఫీసు నుంచి చార్టర్డ్ బస్సులో వచ్చి దిగి, పప్పు కుక్కర్లో పడేసి, టేప్‌రికార్డర్ వెనక్కీ ముందుకీ తిప్పుతూ, ఆ ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసి, ఎక్కడ ఊపిరి తియ్యాలో గీతలు పెట్టి, అతనిచేత వల్లె వేయించేది సుభాషిణి. చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకుంది మరి. "పెళ్ళామన్నాక ఆ మాత్రం సాయం చెయ్యవుటే?" అంటుంది అత్తగారు హైమవతి. సాయమట. సాయం చేసేవాళ్ళకు ఈ పూట చెయ్యనని చెప్పే వీలుంటుంది కదా అనుకుంటుంది సుభాషిణి.

మార్చిలో గుర్‌ప్రీత్ తన బ్యాండు క్యాసెట్‌లో ఒక పాటకు అజయ్‌ని పిలిచాడు. పాట చివర పొడుగాటి కేక ఉంది. అజయ్ ఎన్నిసార్లు ఎత్తుకున్నా సగంలో జీరబోయింది. స్టూడియో మూల ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న సుభాషిణితో, "భాభీజీ, అందాజుకి ఒకసారి మీరు అనండి, భాయ్ విని పట్టుకుంటాడు" అన్నాడు గుర్‌ప్రీత్. ఆమె మైకు ముందుకు వెళ్ళింది. పొద్దున్నే నాలుగింటికి లేచి పట్టిన నీళ్ళు, "చాయ్ మీరే పొయ్యండి మేడమ్, ఆడవాళ్ళ చేత్తో పోస్తే రుచి" అనే సెక్షన్ ఆఫీసరు నవ్వు, పుక్కిలింత నీళ్ళు కాచిన గిన్నెలు, అన్నీ కడుపులోంచి లేచి వచ్చాయి. కేక ఆగాక అద్దం అవతల గుర్‌ప్రీత్ రికార్డింగ్ ఆపాడు. ఆమెకు ముందు భయం వేసింది. ఆ వెంటనే ఎక్కడలేని సంతోషం కలిగింది.

క్యాసెట్ వచ్చాక వింటే కేక తనది. అట్ట మీద పేరు అజయ్‌ది. సొమ్మొకడిది, సోకొకడిది. "నా పేరు నేనే వెయ్యమన్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటి?" అన్నాడు అజయ్. వారం రోజులు ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆ కేకనే పొగిడారు, వాళ్ళందరికీ టీ కాచిపోసింది ఆమే.

ఇప్పుడు ఆదివారం గుర్‌ప్రీత్ బ్యాండుతో కాలేజీ స్టేజి మీద అజయ్ అదే పాట పాడాలి.

"నువ్వు తెర వెనకాల నిలబడి ఆ కేక వెయ్యి. నేను నోరు తెరుస్తాను. ఎవరికీ తెలీదు" అన్నాడు అజయ్, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"మగాడి పరువమ్మాయీ. ఇంట్లో ఉండేదానివి, నీకు పోయేదేముంది?" అంది హైమవతి చిక్కుడుకాయలు ఒలుస్తూ.

రోజూ ఆఫీసుకు పోయి వచ్చేదాన్ని ఇంట్లో ఉండేదానివంటోంది ఈవిడ, అనుకుంది సుభాషిణి. ఒళ్ళు మండిపోయింది. అప్పుడే హాల్లో ఫోను మోగితే వెళ్ళి తీసింది.

"భాభీజీ, సండేకి అజయ్ భాయ్ పక్కా కదా?" గుర్‌ప్రీత్.

అజయ్ రిసీవరు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఆ కేక వేసిన మనిషి వస్తోంది గుర్‌ప్రీత్" అంది హిందీలో, తొందర లేకుండా. "మైకు నా ఎత్తుకు దించి పెట్టండి."