ఎటూ పోని సైకిలు

టైలరు సైకిలు తొక్కుతూ గోడను తిట్టుకుంటున్నాడు. రోడ్డు మీద పోయే సైకిలు కాదది. హాల్లో ఓ మూల నిలబడి, ఎంత తొక్కినా అంగుళం కదలని వ్యాయామం సైకిలు. ఎదురుగా పెచ్చులూడిన గోడ. పొద్దున్నే లేచి దాని మొహం చూడాల్సి రావడం ఏం ఖర్మో ఆయనకు అర్థం కాలేదు.

"ఇంకాసేపు తొక్కండి మామయ్యా, ఈలోపు టీ పెడతాను," అంది కోడలు వంటింట్లోంచి.

"ఎక్కడికమ్మా తొక్కేది? ఇంతసేపు తొక్కితే పక్క ఊరన్నా వచ్చేది."

కోడలు నవ్వింది. ఆయనకు ఒళ్లు మండింది.

తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. పెళ్లికి ముందు నుంచీ ఆయన కాళ్లతో తొక్కిన కుట్టుమిషనుకు, ముసలాయన కాళ్లు అరిగిపోతున్నాయని జాలిపడి కోడలే మోటారు పెట్టించింది. బిగించిన మెకానిక్కు పాత తోలు బెల్టు తీసి పారేశాడు. "బాగుందమ్మా," అన్నాడాయన మొహమాటానికి. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. కదలక మెదలక మోకాళ్లు పట్టేశాయి, ఒళ్లు బరువెక్కింది. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. కాళ్లకు విశ్రాంతి ఇప్పించిన కోడలే మళ్లీ కాళ్లకు పని చెప్పే సైకిలు కొనుక్కొచ్చింది.

ఇంటి ముందు గదే ఆయన కొట్టు. మోటారు పెడలుకు పాదం ఆనించడమే ఆలస్యం, మిషను ఉరికేది. గుడ్డ పట్టుకుని ఆయన దాని వెంట పడాలి. పూర్వం కాలు నిదానిస్తే సూదీ నిదానించేది. కాలు ఊపందుకుంటే నోటికి ఏదో కూనిరాగం వచ్చేది. ఆ కూనిరాగం ఆగిపోయిందని ఇంట్లో ఎవరూ గమనించనైనా లేదు. అది తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చేది.

ఆ మధ్యాహ్నం ఇంకో జాకెట్టు చంక దగ్గర వంకరపోయింది. ఆయన కుట్టు విప్పలేదు. చెప్పులేసుకుని బజారుకెళ్లి తోలు బెల్టు కొనుక్కొచ్చి, మోటారు విప్పేసి, చక్రానికి బెల్టు ఎక్కించాడు.

"అదేంటి మామయ్యా, మోటారు పాడయిందా?"

"లేదమ్మా. అది బాగానే ఉంది. ఆ రోజు నేను బాగుందన్నదే అబద్ధం."

కోడలు చిన్నబుచ్చుకుంది. "ముందే చెప్పొచ్చుగా," అంది. "ఆ సైకిలు కూడా ఎవరికైనా ఇచ్చేద్దాం లెండి."

వంకరపోయిన జాకెట్టు సరిచేశాడు. మిగతావీ అయిపోయాయి. కాళ్లు మాత్రం ఆగమంటే ఆగలేదు. బుట్టలో పడేసిన కత్తిరింపు ముక్కలు తీసి, ఒకదాని అంచుకు ఒకటి కుడుతూ పోయాడు. వంటింట్లో కోడలికి మిషను టకటకలూ, వాటితోపాటు కూనిరాగమూ వినిపించాయి. చాన్నాళ్లకు విన్నదేమో, చేతిలో పని ఆపి మరీ వింది. చీకటి పడుతోందని లైటు వెయ్యడానికి వచ్చేసరికి రెండూ ఆగిపోయి ఉన్నాయి. ఆయన తల మిషను మీద వాలి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు.

సూది కింద నుంచి బయల్దేరిన గుడ్డ పట్టీ బల్ల వెనక్కి జారి, చుట్టలు చుట్టలుగా గుమ్మం దాకా పడి ఉంది. ఎర్రది, పూలది, చారలది, ఏ ముక్కకూ ఇంకో ముక్కతో పొంతన లేదు. అది దేనికీ పనికొచ్చేది కాదు.