కొసరుకి కేలరీలు లేవు

రండి, రండి, అలా దూరంగా నిలబడతారేంటండీ, దగ్గరికి జరిగి కూకోండి. ఓయ్ చిట్టియ్యా, ఆ బీడీ పారేసి రా. ఎనకాల గుసగుసలాడేవోళ్ళు కాసేపు నోటికి తాళమేసుకోండి. మధ్యలో ఎవరైనా "తర్వాతేంటి" అన్నారంటే నేను మర్చిపోయి మళ్ళీ మొదట్నించి ఎత్తుకోవాల. నే చెప్పేది అబద్ధమైతే ఈ కాలవలో నీళ్ళు ఎనక్కి పారతాయి. సముద్రం పోటెక్కినప్పుడు పారతాయనుకోండి, అది వేరే సంగతి.

సెల్‌ఫోనుకి అవతలోడు ఫోన్ చేసినా మన డబ్బులే కాలే రోజులవి. కాకినాడలో మణిశంకర్ గారని ఓ గవర్నమెంటు గుమస్తా ఉండేవాడు. బంగారంలాంటి మనిషి. లంచం తినడు. అదొక్కటే తినడు.

ఎంత మనిషంటే, ఆయన ఇవతల రేవులో పంటు పడవెక్కితే అవతల రేవులో బట్టలుతుక్కునేవోళ్ళు వరదొచ్చిందని గట్టెక్కేసేవోరు. ఆయన దిగాక మళ్ళీ వచ్చి ఉతుక్కునేవోరు.

ఆయనకి కోరుకొండ సంబంధం వచ్చింది. పిల్ల పేరు హరిచందన, అక్కడే బడిలో ఆటల టీచరు. ఈతబరికలా సన్నంగా ఉంటది, చూపు కూడా అలాగే తగులుతది. పెళ్ళిచూపుల్లో తలొంచుకుని కూకోకుండా నేరుగా ఆయన్నే అడిగేసింది.

"మణిశంకర్ గారూ, మా ఊరి కొండ చూశారా?"

"కిందనుంచి చూశానండి. బాగుంటుంది."

"కిందనుంచి చూస్తే అందరికీ బాగానే ఉంటుందండి. కార్తీకమాసంలో వచ్చి నాతోపాటు ఎక్కండి. మధ్యలో కూర్చోకుండా పైకొస్తే నరసింహస్వామి ఎదురుగానే సరే అంటాను. కూర్చున్నారా, ఎవరింటికి వాళ్ళం."

పిల్లోడి తల్లి మాణిక్యాంబ గారు ముక్కున వేలేసుకుంది. "ఇదేం పరీక్షమ్మా! మావాడేమైనా పోలీసు ఉద్యోగానికొచ్చాడా?"

"మా మావయ్య తినీ తినీ పోయాడండి. మా అత్తయ్యకి పాతికేళ్ళకే బొట్టు తీసేశారు. నాకా ముచ్చట అక్కర్లేదు" అంది పిల్ల.

కోరుకొండ మెట్లు మీకు తెలుసు కదా. గోడకి నిచ్చెన చేరేసినట్టుంటాయి. కానీ ఏం చేస్తాడు, ఆయన మనసు అప్పటికే ఆ పిల్ల చెప్పుల్లో దూరిపోయింది. ఇంటికెళ్ళగానే "అమ్మా, చేసుకుంటే ఈ అమ్మాయినే, లేకపోతే లేదు" అని చెప్పేశాడు.

ఒళ్ళు తగ్గాలంటే తిండిని కేలరీల్లో లెక్కెయ్యాలని ఆదివారం పేపర్లో ఓ పట్టీ పడింది. ఆఫీసులో కాగితం తర్వాతే కదండీ మనిషి, కాబట్టి ఆయన దాన్ని కత్తిరించి వంటింటి గోడకి అంటించాడు. చూస్తే ఏముంది? బ్రెడ్డు ముక్కకింత, ఉడకబెట్టిన క్యాబేజీకింత, యాపిలుకింత, చీజుకింత. పనసపొట్టు కూర లేదు, మినపసున్ని లేదు, పులిహోర అసలే లేదు.

"మన తిండి ఒక్కటీ లేదేంటే అమ్మా?"

"లేకపోతే మంచిదే కదరా! పేపరోళ్ళే రాయలేదంటే అందులో ఏమీ లేదనే కదా" అంది మాణిక్యాంబ గారు, పప్పులో నెయ్యి గుమ్మరిస్తా.

కానీ ఆయన నిజాయితీపరుడు, అలా వదిలెయ్యడు. పట్టీలో దేనికి దగ్గరగా ఉంటే దాని లెక్క వేద్దామన్నాడు. పెసరట్టు పచ్చగా ఉంది కాబట్టి అది క్యాబేజీ. లోపల ఉప్మా బయటికి కనపడదు కాబట్టి అది లేదు. ముద్దపప్పు ఉడకబెట్టిందే కాబట్టి అదీ క్యాబేజీనే. పూతరేకు దగ్గరికొచ్చేసరికి కొంచెం ఆలోచించాడు. దాన్ని ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూశాడు. అవతలి వెలుతురు కనపడింది. "ఇది కాగితమే అమ్మా. కాగితానికి కేలరీలేంటి?" అని పళ్ళెం ఖాళీ చేశాడు. నవ్వకండి, ఆఫీసులో కూడా ఇలాగే లెక్కలేసేవాడంట, ఆడిటోళ్ళు భుజం తట్టి మెచ్చుకుని ఎళ్ళారంట.

ఇంతవరకు ఆయన తెలివి. అసలు దెబ్బ మన తెలివి దగ్గర తగిలింది.

మన వైపు సంగతి తెలుసు కదండీ, అడిగి పెట్టించుకునేది సగం, అడక్కుండా పడేది సగం. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పోస్తాం. ఆకు మడిస్తే మడత ఇప్పి మరీ వడ్డిస్తాం. ఆ కొసరుకి లెక్కెలాగని మణిశంకర్ గారికి సందేహమొచ్చింది.

"సంతలో కేజీ వంకాయలు కొంటాం, పైన రెండు కొసరేస్తాడు. డబ్బులు దేనికిస్తావురా?" అంది తల్లి.

"కేజీకే."

"మరి ఇంకేం? నువ్వడిగి తిన్నదే నీ లెక్క. నేనేసింది నా లెక్క. అది నాకే పడుద్ది!"

ఆ లెక్క చొప్పున ఆయన రోజుకి రెండు ఇడ్లీలు, నాలుగు ముద్దల అన్నం తిన్నాడు. మిగతాదంతా వాళ్ళమ్మే తింది, ఆయన నోటితో. కార్తీకమాసం వచ్చేసరికి ఆయనకి ప్యాంట్లేవీ పట్టలేదు. ఇస్త్రీవోడు బట్టలు కాల్చి కుదించేస్తున్నాడని తల్లీకొడుకులు వాడితో దెబ్బలాడి మాన్పించేశారు.

కొండెక్కే శనివారం రానే వచ్చింది. అప్పట్లో నేను వ్యాను తోలేవోణ్ణి కదా, నా వ్యానే మాట్లాడుకున్నారు. మణిశంకర్ గారు ఎక్కగానే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. రాజానగరం దాకా నేను ఆకాశం చూసుకుంటా తోలాను.

కోరుకొండలో పిల్ల ఇంటికెళ్ళేసరికి ఆకులేసి సిద్ధంగా ఉన్నారు.

"స్వామి దర్శనం కదండీ, ఉపవాసమండి" అన్నాడాయన. పాపం, ఆ పూట గట్టిగానే అనుకున్నాడు.

"ఉపవాసమంటే అన్నం మానటమే కదా నాయనా, టిఫిను మానమని ఎవరన్నారు?" అంది పిల్ల తల్లి.

"అదీ మాటంటే!" అంది మాణిక్యాంబ గారు. వియ్యపురాళ్ళు కాకముందే కలిసిపోయారు.

హరిచందన గుమ్మంలో నిలబడి చూస్తానే ఉంది. ఆయన రెండు పెసరట్లు అడిగి తిన్నాడు. పిల్ల తల్లి "కొండెక్కే మనిషివి" అంటా రెండేసింది. "మొహమాటపడకు బాబూ" అంటా ఇంకో రెండు. "మా చెయ్యి మంచిది కాదా ఏం?" అంటా పూర్ణాలు. అత్తగారు కాబోయే మనిషి పెడతంటే కాదనటం ఎలాగండీ? మర్యాదస్తుడు. మీరైతే కాదంటారా? చిట్టియ్యా, నువ్వు చెప్పకు, నీ సంగతి ఊరందరికీ తెలుసు.

కొండ మొదలెట్టారు. ఎనకాల పోతే ఆయన దొర్లి మీద పడతాడని జనం ఆయనకంటే ముందే ఎక్కేశారు. మొదట మెట్లు బాగానే ఎక్కాడు. తర్వాత ఒక్కో మెట్టుకీ ఒక్కో "నరసింహా" అన్నాడు. సగానికొచ్చేసరికి "నర" దగ్గరే ఊపిరాగిపోతంది. చొక్కా పిండితే బిందె నిండుద్ది. అయినా హరిచందన వంక చూస్తా ఇంకో కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఆ మనిషి అలాగే, మూటని నెమ్మదిగా దించినట్టు, మెట్టు మీద కూలబడిపోయాడు.

హరిచందన రెండు మెట్లు దిగొచ్చింది. కొంగుతో గాలి విసిరింది. కోపం లేదు ఆ పిల్లకి.

"ఇన్నాళ్ళూ నిజంగా తగ్గించారా మణిశంకర్ గారూ?"

"ఒట్టండీ. పొద్దున కూడా రెండే."

"నేను ఆరు లెక్కపెట్టాను. పూర్ణాలు కాకుండా."

"అవి నేనడిగినవి కాదండీ! మీ అమ్మగారు వేశారు."

పిల్ల కొంగు విసరటం ఆపేసింది. "మీ ఇంట్లో మీ అమ్మగారు వేస్తారు, మా ఇంట్లో మా అమ్మ వేస్తుంది. రేపు పెళ్ళైతే నలుగురూ ఏమనుకుంటారో అని నేనూ వేస్తాను. వద్దనటం మీకు రాదు. అందరం కలిసి ప్రేమగా చంపేస్తామండి మిమ్మల్ని. నావల్ల కాదు." ఆ మాట చెప్పి, కళ్ళు తుడుచుకుని, గబగబా పైకెక్కిపోయింది. ఎనక్కి తిరిగి చూడలేదు.

మణిశంకర్ గారు తలొంచుకుని కూకున్నాడు. కింద మెట్టు మీంచి మాణిక్యాంబ గారు ఆయాసపడతా "ఎంత పొగరురా ఆ పిల్లకి!" అని శాపనార్థాలు మొదలెట్టింది. పక్కనే కొబ్బరికాయలమ్మే వీరబ్రహ్మం అంతా చూస్తన్నాడు. బుట్ట దించి, మీదికోసారి, కిందికోసారి పరకాయించి చూసి, పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు అన్నాడు కదా:

"ఆ పిల్లనీ అనకండి, ఈ బాబునీ అనకండమ్మా. తప్పంతా మెట్లు పైకి కట్టినోడిది. శుభ్రంగా కిందకి కట్టుంటే ఈపాటికి ఎక్కేసి దర్శనం కూడా అయిపోయేది!"