కిషన్ రావు సారు నవ్వాలె

సుకన్య జనాన్ని నవ్వించే పని పట్టుకోని మూడేండ్లాయె. చేతిల మైకు పట్టుకోని ఒక్కతే నిలబడి అరగంట ముచ్చట చెప్తది, జనం నవ్వాలె, గంతే పని. చెప్పుడు అల్కగనే ఉంటది, చేస్తె తెలుస్తది. ఏ ఊరికి పోవాలె, ఏ ఊరికి పోవద్దు అనేది ఆమె చేతుల లేదు, ఆర్టీసీ చేతుల ఉంది. ఆడోళ్ళకు పైసలు లేకుంట ఇచ్చే జీరో టికెట్ ఏ బస్సుల చెల్లుతదో ఆ బస్సు పోయే ఊరికే ప్రోగ్రాం ఒప్పుకుంటది. లగ్జరీ బస్సు తప్ప ఇంకోటి పోని ఊరోళ్ళు పిలిస్తె, ఆ రోజు మా ఇంట్ల పెండ్లుందని చెప్తది. అట్ల లెక్కేస్తె వాళ్ళింట్ల ఇప్పటికి పదకొండు పెండ్లిళ్ళయినయి.

హన్మకొండ బస్టాండ్ల ఎక్కిందంటె ములుగుల కాలేజి ఫంక్షన్, పాలకుర్తిల రిటైర్మెంటు, ఇంకో ఊర్ల బోరుల నీళ్ళు పడ్డయని దావత్. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒక్కటే, ఒక్కదానివే వచ్చినవా, డాన్సోళ్ళు ఎనకొస్తాన్రా అని. రారు, నేనొక్కదాన్నే అంటె వాళ్ళ మొఖాలు చూడాలె. కూర లేని అన్నం పెట్టినట్టు చూస్తరు.

అసొంటి సుకన్యకు ఒక మంచి అవకాశం వచ్చింది. హైదరాబాద్ల నవ్వుల జాతర అని పెద్ద ప్రోగ్రాం పెడుతాన్రు. అండ్ల ఎంపికయితె ముప్పై ఊర్లల్ల పెద్ద పెద్ద హాళ్ళల్ల చెప్పొచ్చు. దానికి పది నిమిషాలకు తక్కువ కాని వీడియో పంపాలె. ముక్క కొయ్యొద్దు, జనం నవ్వు వినపడాలె, ఆ నవ్వు తర్వాత కలిపింది కావొద్దు. గడువు సోమవారం పొద్దున పదింటిదాక. ఈసారి గూడ పిలవకపోతె ఒకటో తారీకు నుంచి రక్త పరీక్షలు చేసే డయాగ్నోస్టిక్స్ సెంటర్ రిసెప్షన్ల కూసుంటనని వాళ్ళమ్మ పూలమ్మకు మాటిచ్చింది. పూలమ్మ అప్పుడే రెండు కాటన్ చీరెలు గంజి పెట్టి సిద్ధం చేసింది. ఇగ సుకన్య చేతిల మిగిలింది గడువుకు ఒక్క రోజు ముందు, ఐతారం నాడు తొర్రూరుల ఒక్క ప్రోగ్రాం.

తొర్రూరుల ఎరువుల దుకాండ్ల సంఘం పెట్టి ఇరవై ఐదేండ్లయితాందని పండుగ చేసిన్రు. దాని సెక్రటరీ రమాకాంత్. ఫంక్షన్ హాల్ల స్టేజీ మీద పద్నాలుగు కుర్చీలు వరుసగ వేయిచ్చిండు. నేను చెప్పేటప్పుడు ఎనక ఎవ్వరు ఉండొద్దన్నా, జర కుర్చీలు తీసెయ్యిన్రి అని సుకన్య బతిమిలాడింది. ఒక్క కుర్చీ తీసేస్తె సంఘం రెండు ముక్కలయితదన్నడు. పద్నాలుగు కుర్చీల నట్టనడుమ ఎత్తు కుర్చీల కిషన్ రావు సారు కూసున్నడు. తొర్రూరుల గట్టు పంచాయితి, గోడ పంచాయితి, మొగుడు పెండ్లాల పంచాయితి ఏదైనా నలభై ఏండ్ల సంది ఆయన నోట్లెకెల్లి మాట పడితేనే తెగుతది. డెబ్బై రెండేండ్లు, ఉలుకు పలుకు లేకుంట, కండువా మూతికి అడ్డం పట్టుకోని కూసున్నడు.

దీపం పెట్టుడు, ప్రార్థన, స్వాగతం, పద్నాలుగు మందికి శాలువలు. శాలువ కప్పినోళ్ళకు మల్ల శాలువలు. గంటన్నర పోయింది. అప్పుడు సుకన్యను పిలిచిన్రు. ఆమె తనకు బాగ చేతికచ్చిన బస్సు ముచ్చటతోని మొదలువెట్టింది, ములుగుల ఆ ముచ్చటకు ఒకాయన కుర్చీలకెల్లి జారి కింద పడ్డడు. ఇక్కడ చీమ చిటుక్కుమనలే. రెండోది చెప్పింది, మూడోది చెప్పింది. మూడు వందల మంది బొమ్మల లెక్క కూసున్నరు. జర పరికించి చూస్తె ఒక్కలు గూడ ఆమెను చూస్తలేరు. అందరి కండ్లు ఆమె భుజం మీదికెల్లి ఎనక కిషన్ రావు సారు మొఖం మీదనే ఉన్నయి. సారు నవ్వుతె నవ్వాలె, సారు నవ్వకపోతె మనకెందుకు అన్నట్టు. ఆయన కండువా ఇంకింత గట్టిగ మూతికి ఒత్తుకున్నడు.

ఐదు నిమిషాలకే రమాకాంత్ వచ్చి మైకు గుంజుకోని, బిర్యానీ తయారైంది, భోజనాల తర్వాత ఇంకో పది నిమిషాలు ఇస్తమన్నడు. పక్కకు పిలిచి, నాలుగు రోజుల సంది సారు ఎవ్వరితోని మాట్లాడుతలేడు, మా మీద ఎందుకో కోపమొచ్చింది, ఎందుకో తెలుస్తలేదని నెత్తి పట్టుకున్నడు. సుకన్యకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ గంజి పెట్టిన చీరెలు కండ్ల ముందట కనపడ్డయి.

భోజనాల లైన్ల నిలబడ్డదో లేదో ఒక్కొక్కరు వచ్చి తమ బాధ ఆమెకు చెప్పుడు మొదలువెట్టిన్రు. పరాయి మనిషాయె, చెప్తె ఏంబోతదని. విత్తనాల షాపు రామలింగం, సారుకు పాత స్టాకు సంగతి తెలిసే మాట్లాడుతలేడని, పొద్దుగాల ఐదింటికి లేచి పాత ప్యాకెట్లన్ని వాపస్ పంపిచ్చిండట. సారయ్య, ఆయన తమ్ముడు ఏడేండ్ల సంది గోడ కోసం కొట్లాడుతాన్రు. మన గోడకే సారుకు యాష్టకొచ్చిందని ఇద్దరు కలిసి గోడ కూలగొట్టుకున్నరట. రమాకాంత్ అయితె, పోయినేడు కప్పిన శాలువ నాసిరకమని ఈసారి ఒక్క సారుకే మూడు శాలువలు కొన్నడు.

ప్లేటు పట్టుకోని ఎక్కడన్న ఒంటిగ కూసుందామని సుకన్య పెండ్లికూతురు రూం తలుపు నెట్టింది. లోపట కిషన్ రావు సారు గోడకు తిరిగి కూసోని, బిర్యానీని పెరుగుల మెత్తగ పిసుక్కోని మింగుతాండు. ఆమెను చూసి ఉలిక్కిపడి నోరు తెరిచిండు. నోట్ల ఒక్క పన్ను లేదు.

ఇగ దాచి లాభం లేదని ఆయనే చెప్పిండు. మాటలు గాలితోని, మెత్తగ వచ్చినయి. హన్మకొండ దవాఖానల ఉన్న పండ్లన్ని పీకిచ్చుకున్నడు, కొత్త పండ్ల సెట్టు బేస్తారం వస్తదన్నరు.

“బేస్తారం దాక ఎవ్వరికి తెల్వద్దు బిడ్డా. నలభై ఏండ్ల సంది నా నోటికి ఊరు భయపడుతాంది. ఆ నోట్ల ఏం లేదని తెలిస్తె ఇగ నా మాట ఎవ్వడింటడు?”

చెప్పనని సుకన్య ఒట్టు పెట్టుకున్నది. ఆయన కండ్లు తుడుచుకోని, నీ బస్సు ముచ్చటకు నవ్వు ఆపుకోలేక కడుపుల నొప్పి లేచిందని, ఇంకోసారి చెప్తె పానం పోతదని గూడ అన్నడు. ఆ మాటకు సుకన్యకు సంబురమైంది, బాధ గూడ అయింది. ఈ హాల్ల నవ్విన ఒకే ఒక్క మనిషి నోరు మూసుకోని నవ్విండాయె.

భోజనాలయినంక మైకు మల్ల చేతికొచ్చింది. మొదటి మాట ఇంక చెప్పనే లేదు, రమాకాంత్ అడ్డమొచ్చి, ముందుగల సారు రెండు మాటలు మాట్లాడి మమ్ముల ఆశీర్వదించాలె అని ఇంకో మైకు తీస్కపోయి సారు మూతి ముందట పెట్టిండు. కిషన్ రావు సారు కండువా వదలలే. ఆయన సుకన్య దిక్కు చూసిండు.

పండ్ల మీద జోకు ఆమె నాలిక మీదనే ఉంది. ఒక్క ముక్క చాలు, హాలు కూలిపోతది, పది నిమిషాల వీడియో వస్తది, గంజి చీరెలు మల్ల బీరువాలకు పోతయి. నిజం చెప్పాలంటె, ఆమె నోరు సగం తెరిచింది గూడ. గని ఒట్టు పెట్టుకున్నదాయె. ఉరికి పోయి సారు ముందటి మైకు తీసుకున్నది.

“సారు మాట్లాడుడు అక్కర్లేదన్నా. నాలుగు రోజులు మాట్లాడకపోతెనే మీ ఊరు సగం బాగుపడ్డది. ఇంకో వారం మూసుకోని కూసుంటె రోడ్లు గూడ అయితయి.”

ఇగ అక్కడికెల్లి అందుకున్నది. లైన్ల ఆమెకు చెప్పిన ముచ్చట్లన్ని, పేర్లు ఎత్తకుంట, మనుషుల నడక తోని, గొంతు తోని చేసి చూపెట్టింది. విత్తనాల ప్యాకెట్లను చీకట్ల బుజ్జగించి ఆటో ఎక్కిచ్చుడు, అన్నదమ్ములు గోడ కూలగొట్టుకుంట ఎవడు ముందు కూలగొట్టాల్నని మల్ల కొట్లాడుడు, మూడు శాలువలు ఎండకాలంల కప్పుకోని చెమటతోని పంచాయితి చెప్పుడు. ఇవన్ని తన కోపానికి భయపడి అయినయని కిషన్ రావు సారుకు తెల్వనే తెల్వది. మొదటిదానికి ఆయన భుజాలు ఊగినయి. గోడ కాడికి వచ్చేసరికి కండువా జారి ఒళ్ళె పడ్డది. శాలువల కాడ ఆయనతోని కాలేదు. నోరంత తెరిచి, బోసినోటితోని, చంటిపిల్ల లెక్క నవ్విండు.

ఒక్క ఘడియ హాలంత ఆ నోరు చూసింది. ఓహో, కోపం కాదు, పండ్లు లేవు. అంతే, నాలుగు రోజుల భయమంత ఒక్కసారి నవ్వయి బయటపడ్డది. సారయ్య తమ్ముని మీద పడి నవ్విండు. రమాకాంత్ కింద కూసోని నేల కొట్టుకుంట నవ్విండు. ఒక్కటి అయిపోకముందే ఇంకోటి, పదకొండు నిమిషాలు ఆగలే. సుకన్య మూడేండ్లల్ల ఇంత నవ్వు చూడలే.

ఉరికి, తన ప్రోగ్రాం తియ్యమని ముందే చెప్పిపెట్టిన వీడియో సాంబయ్య కాడికి పోయింది. సాంబయ్య ఇరవై ఆరేండ్ల సంది పెండ్లిళ్ళు తీస్తాండు. స్క్రీన్ల చూస్తె పదకొండు నిమిషాలు కిషన్ రావు సారు నోరే ఉంది, దగ్గరికెల్లి, పూర్తిగ. సుకన్యది ఒక మూలకు మోచెయ్యి కనపడుతాంది. సారు మొఖం మీద గులాబి రేకులు గూడ రాలుతానయి. ఇదేందన్నా, నన్నెందుకు తియ్యలే అని అడిగితె సాంబయ్య ఆమెను వింతగ చూసిండు. మైకు పట్టుకోని మంత్రం చదివే పంతుల్ని ఎవడన్న తీస్తడా, పెద్దమనుషులను తీస్తం గని, అన్నడు. మరి రేకులేందంటె అవి పెండ్లి కెమెరల వాటంతటవే పడ్తయన్నడు.

నవ్వుంది, ముక్క కొయ్యలేదు, గొంతు ఆమెదే, అన్ని ఉన్నయి. గని అది పంపుడంటె సారు నోరు దునియా అంత పంపుడే. హాల్ల మూడు వందల మందికి తెలుసుడు వేరు. పంపితె ఎవడు అడుగుతడు, హైదరాబాదోళ్ళకు కిషన్ రావు ఎవరో ఎరుకనా అని ఒకసారి అనుకున్నది. ఆరింటి బస్సు వచ్చి ముందట ఆగింది, ఎక్కలే. వీడియో తన ఫోన్ల ఎక్కిచ్చుకోని సక్కగ సారు ఇంటికి నడిచింది.

ఆయన ఆమె ఫోను మొఖానికి దగ్గర పెట్టుకోని పదకొండు నిమిషాలు చూసిండు. ఆయన భార్య వినోదమ్మ ఎనక నిలబడి చూసింది. గోడ నిండ సారు ఫోటోలు, నలభై దాక, అన్నింట్ల శాలువ, అన్నింట్ల మూసుకున్న మూతి. అయిపోయినంక వినోదమ్మ, పెండ్లయిన యాభై ఏండ్లల్ల ఈ నవ్వు నేను రెండుసార్లు చూసిన, మూడోసారి ఇదే అన్నది. ఆయన ఫోను వాపస్ ఇచ్చి, పంపియ్యి, గని కింద నా పేరు పెద్దగ రాయియ్యి అన్నడు.

వారానికి జవాబొచ్చింది. మీ వీడియో ఎంపికైంది, అయితె కుర్చీల కూసున్న ఆయన గూడ రావాలె, ఆయన లేకుంట మీరొక్కరే వచ్చుడు కుదరదు అని రాసిన్రు. సుకన్య చదివి చదివి ఏడ్చింది, మల్ల నవ్వింది. మూడేండ్లు గొంతు చించుకుంటె ఎంపికైంది ఆ నోరు. పూలమ్మ మాత్రం ఏదైతేంది, ఎంపికైనవు గదా అన్నది.

హైదరాబాద్ పోయే ఎక్స్‌ప్రెస్ బస్సుల సుకన్యకు జీరో టికెట్, కిషన్ రావు సారుకు ఫుల్ టికెట్. అప్పటికి కొత్త సెట్టు వచ్చింది, తెల్లగ మెరుస్తాంది. జనగామ దాటినంక ఒక ముచ్చట చెప్పి చూసింది. సారు మూతి బిగించి, బొటనవేలుతోని సెట్టు ఒత్తి పట్టుకోని, తల మాత్రం ఊపిండు. గట్టిగ నవ్వుతె ఊడి పడ్తయని డాక్టరు చెప్పిండట. గోడ మీది ఫోటోల మూసుకున్న మూతే మల్ల వచ్చింది, ఇగ కథ అయిపోయినట్టే అని సుకన్య అనుకున్నది. పండ్లు తీసెయ్యిన్రి అని డెబ్బై రెండేండ్ల పెద్దమనిషిని ఏ నోటితోని అడుగుతది? అడగలే.

హాల్ల రెండు వేల మంది. స్టేజీ మీద ఒక కుర్చీ, ముందట పెద్దక్షరాలల్ల కిషన్ రావు, తొర్రూరు అని బోర్డు, దాని కింద చిన్నగ సుకన్య పేరు. లైట్లు పడ్డయి. సారు కుర్చీల కూసోని, మొఖం పక్కకు తిప్పి, దస్తీ అడ్డం పెట్టుకోని ఏందో చేసుకున్నడు. అటెనక ఆమె దిక్కు తిరిగి, మెత్తగ, గాలితోని అన్నడు:

“ఇగ మొదలువెట్టు బిడ్డా. పండ్లు జేబుల పెట్టుకున్న.”