చేతికిచ్చే కొట్టు

భేజ్జి సంతలో బస్సు ఆగగానే జనం చుట్టూ మూగారు. మూగడమే తప్ప ఒక్కరూ మెట్టెక్కలేదు. కిందటి రెండు సంతల్లోనూ ఇదే వరస. స్వర్ణకుమారికి ఒళ్ళు మండిపోయింది. కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. పాత బస్సు అద్దెకు తీసుకుని, సీట్లు పీకించి, చీరలూ గిన్నెలూ సబ్బులూ అరల్లో సర్ది, "మీరే ఎక్కండి, నచ్చింది మీరే తీసుకోండి" అని గొంతు పోయేలా పిలిచింది. ఎవరు వింటేనా!

బస్సు సొంతదారూ డ్రైవరూ అయిన దేవరాజు పానా తీశాడు.

"ఏటమ్మీ, ఈయాల కూడా ఎవులూ ఎక్కకపోతే అరలిప్పీసి సీట్లు బిగించీస్తాను. పెళ్ళిబేరాలైనా వస్తాయి."

"సాయంత్రం దాకా ఆ పానా ముట్టుకున్నావంటే ఊరుకోను మావయ్యా!"

ఆమె విసురుగా కిందికి దిగింది. కిటికీలోంచి నీలం చీరనే చూస్తూ నిలబడ్డ ఇర్మె అనే ఊరి పెద్దావిడను పట్టుకుంది. "నచ్చింది కదా పెద్దమ్మా, మరెందుకెక్కవు?"

ఇర్మె ముక్కున వేలేసుకుంది. "ఏంది బిడ్డా గట్లంటవు! నువ్వేమో ముందల కుర్సీల కూసుంటివి. చేతికియ్యకుండ మంది ఇంట్ల సొచ్చి తీస్కుంటే దొంగతనం గాదా?"

ఇన్నాళ్ళూ తను మర్యాద చేస్తున్నాననుకుంది. వాళ్ళకది దొంగతనం నేర్పినట్టుందన్నమాట! సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూర్చుంటే కొట్టు దక్కుతుందా? నడుం బిగించి, టార్పాలిన్ పరిచి, సరుకంతా ఒక్కతే మోసి దించింది. నేల మీద కూర్చుని, అడిగినవాళ్ళకు అడిగింది చేతికిచ్చింది. బేరం అందుకుంది.

దేవరాజు మాత్రం పానాతో లేచాడు. "నేల మీద అమ్ముకోడానికి నా బస్సెందుకమ్మీ?"

"పొద్దు గుంకలేదింకా!" అని కసిరింది.

ఇర్మె వంతు వచ్చేసరికి పెద్ద పెద్ద చినుకులు. "అయ్యో, నా సరుకు!" అని స్వర్ణకుమారి అరిచేలోగా ఆడవాళ్ళంతా చేతికందింది ఎత్తుకుని బస్సెక్కేశారు. చీరలు చీరల దగ్గర, గిన్నెలు గిన్నెల దగ్గర పెట్టేశారు. మూడు సంతలుగా మెట్టెక్కని మహాతల్లులే!

వాన జోరందుకుంది. ఎవరూ దిగలేదు. ఇర్మె అరలోంచి నీలం చీర తీసి, తిన్నగా తెచ్చి స్వర్ణకుమారి చేతిలో పెట్టింది. పెట్టి, తన రెండు చేతులూ చాపింది.

"ఇగ ఇయ్యి, బిడ్డా."

స్వర్ణకుమారి కళ్ళు చెమర్చాయి. చీర ఆ చేతుల్లో పెట్టింది. ఇర్మె వెనక ఇంకొకామె గిన్నె పట్టుకుని నిలబడింది, ఆమె వెనక మరొకామె.

దేవరాజు పానా తన సీటు కిందికి తోసేశాడు.

"తోసుకోకండమ్మా, ఒకలెనకాల ఒకలు రండి!"