చెయ్యెత్తని పేషెంటు

"తర్వాతివాళ్ళు రావచ్చు" అని తలుపు తెరిచి కేకేశాను. ఎవరూ లేవలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. గోడవారన కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, టోకెన్ని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కనున్నాయన ఆవిడ భుజం తట్టి నా వైపు చూపించాడు. ఆవిడ తలెత్తింది. మా అత్తయ్య.

పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆవిడ తన గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను పలకరించలేదు, ఆవిడా కదల్లేదు. అలాంటి మనిషి ఒక్కతే బస్సెక్కి, అడ్రసు వెతుక్కుని, నేను పనిచేసే చోటికి వచ్చి, అందరిలాగే వరసలో కూర్చుంది.

"ఏమడిగినా తలే ఊపుతున్నారు మేడమ్" అంది రిసెప్షన్‌లో అమ్మాయి. "నొప్పా అంటే ఊపారు, నొప్పి లేదా అంటే మళ్ళీ ఊపారు."

అదీ ఆవిడ తంతు. కొన్ని వారాలుగా మా ఇంట్లో కూడా అదే నడిచింది. మేం ఏం చెప్పినా అత్తయ్య చక్కగా తలూపేది, అవసరమైన చోట నవ్వేది కూడా. నేనూ మా ఆయనా వెర్రివాళ్ళలా నమ్మాం.

నేను చేసే పని చెవుల్లో గుబిలి తీయడం. చెబితే నవ్వుతారు, నవ్వుకోండి. చెవి మూసుకుపోయి వచ్చినవాళ్ళెవరూ ఈ గదిలో నవ్వరు. అత్తయ్యకి కుడిచెవి చిన్నప్పుడే చీముపట్టి పోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఉన్న ఎడమచెవి ఒక్కటీ మూసుకుపోతోందని మాత్రం మాకెవరికీ చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం తెలిసింది.

మా పాప ఇంకా నడక రాని పిల్ల. నేను మళ్ళీ పనిలో చేరానంటే అత్తయ్య ఉందన్న ధైర్యంతోనే. నిన్న పాప నిద్రలేచి, ఊచల మంచంలో కాలు ఇరికించుకుని ఏడ్చింది. వంటింట్లో అటు తిరిగి పని చేసుకుంటున్న అత్తయ్యకి వినపడలేదు. కింది ఇంటావిడ పైకొచ్చి తలుపు బాదింది, అదీ వినపడలేదు. చివరికి ఆవిడ మా ఆయనకి ఫోన్ చేసింది. ఆయన వచ్చి తన తాళంచెవితో తలుపు తీసేసరికి పిల్ల గొంతు పోయింది, నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. కాలు కమిలి నల్లబడింది. మా ఆయన తల్లిమీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నిన్న పెంచాడు. ఒక్కరోజు సెలవు పెట్టి, ఆ మర్నాటి నుంచి పాపని క్రెష్‌లో దింపుతానన్నాడు. ఇవాళ ఇంట్లో తనే చూసుకుంటున్నాడు. నేను వద్దనలేదు. నాకూ ఒళ్ళు మండిపోయి ఉంది.

అత్తయ్యని లోపలికి తీసుకొచ్చి తలుపు వేశాను. ఆవిడ నేరుగా వెళ్ళి, వెనక్కి వాలే ఆ పెద్ద కుర్చీలో కూర్చుని ఎడమచెవి చూపించింది.

"ఇవాళ తీసెయ్యి" అంది.

చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. అరిచాను. "ముందు నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా అత్తయ్యా!"

"నువ్వు మాట్లాడితేగా" అంది ఆవిడ, తనకే వినపడక ఇంకా పెద్దగా. బయట వరసలో కూర్చున్నవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. మా గది తలుపు పల్చటి చెక్క. రిసెప్షన్ అమ్మాయి బుద్ధిమంతురాలు, టీవీ సౌండు పెంచింది.

దీపమున్న లెన్సులు కళ్ళకి తగిలించుకుని లోపలికి చూశాను. నల్లగా, గట్టిగా, చెవిని అడ్డంగా మూసేసిన గుబిలి. దాని పక్కన చర్మంమీద ఎర్రటి గీత, ఇంకా పచ్చిగానే ఉంది.

"పిన్ను పెట్టారా?"

తల అడ్డంగా ఊపింది.

"అత్తయ్యా, గీత కనిపిస్తోంది!"

"రాత్రి కాస్త" అని నసిగింది. తలపిన్నుతో తనే తీసుకుందామని చూసిందన్నమాట. తీయలేకపోయింది సరే, ఉన్నదాన్ని కర్ణభేరి దాకా నెట్టి కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

మా డాక్టరుగారు ఇవాళ వేరే ఆసుపత్రిలో ఆపరేషన్లలో ఉన్నారు. ఫోన్ చేస్తే రెండు నిమిషాలు దొరికారు. "వినిపించే చెవి అదొక్కటే కదా. నూనె చుక్కలు వేసుకుంటూ వారం ఆగితే మంచిది. ఆగలేనంటే నువ్వు చెయ్యి. కానీ నొప్పన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా అక్కడికక్కడ ఆపెయ్. లోపల ఎంత గట్టిగా అంటుకుందో నీకు కనిపించదు, పేషెంటు చెబితేనే తెలుస్తుంది" అన్నారు.

వారం ఆగుదామని అరిచి చెప్పాను. అత్తయ్య కుర్చీ చేతుల్ని పట్టుకుంది. "రేపు పొద్దున్నే కదా పిల్లని దింపేది. ఇవాళే కావాలి. నువ్వు తీయకపోతే ఇంకెక్కడికైనా పోతాను." పోతుంది కూడా. బజార్లో కూర్చుని ఇనప పుల్లలతో చెవులు కెలికేవాళ్ళ దగ్గరికైనా పోతుంది. ఆ భయంతోనే ఒప్పుకున్నాను.

ఈ పనిలో మాటలు చెల్లవు. గుబిలిని పీల్చే మిషన్ గొట్టం చెవిలోకి వెళ్ళాక ఆ హోరులో పేషెంటుకి ఇంకేం వినపడదు, తల కదిపితే గొట్టం ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం. అందుకే ముందే ఒక ఒప్పందం చేసుకుంటాం. నొప్పేసినా, తల తిరిగినా చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే నేను గొట్టం బయటికి తీసేస్తాను. పిల్లలు ఊరికే ఎత్తుతారు, మగవాళ్ళు ఆలస్యంగా ఎత్తుతారు, కానీ అందరూ ఎత్తుతారు. అత్తయ్యకి రెండుసార్లు చెప్పి, చేత్తో చేసి చూపించాను. చక్కగా తలూపింది.

అంచుల దగ్గర మెత్తగా ఉన్నది ముందు తీశాను. చిన్న చిన్న ముక్కలు గొట్టంలోకి టపటపా పోయాయి. అంతవరకూ నా చెయ్యి స్థిరంగానే ఉంది. తర్వాత అసలు ముద్ద అంచుకి గొట్టం ఆనించి, వెంట్రుకవాసి ఇవతలికి లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను. ఇక్కడ ఎంతటి మొండివాళ్ళయినా ఉలిక్కిపడతారు. అత్తయ్య బొమ్మలా ఉంది.

నొప్పి లేదు కాబోలు, అంటుకోలేదు కాబోలు అనుకుని ఇంకొంచెం బలంగా లాగబోయాను. ఎందుకో ఆగి లెన్సుల మీదుగా చూశాను. చెప్పులు వదిలేసిన పాదాల్లో వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. కుర్చీ చేతిని పట్టుకున్న పిడికిలి తెల్లబడింది. కన్నీళ్ళు ముక్కు పక్కనుంచి కారుతున్నాయి.

గొట్టం తీసేశాను. "నొప్పిగా ఉందా?"

"లేదు. కానివ్వు."

"తల తిరుగుతోందా?"

"లేదంటున్నానా!"

గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను. కనుపాపలు మెల్లగా పక్కకి జారడం, మళ్ళీ చటుక్కున వెనక్కి ఎగరడం. జారడం, ఎగరడం. చెవిలోకి పోయిన చల్లగాలికి తల గిర్రున తిరుగుతుంటే కళ్ళు అలా ఆడతాయి. నోటితో ఎంత అబద్ధమైనా చెప్పచ్చు, వాటిని మాత్రం ఆపుకోలేరు. గది అంతా బొంగరంలా తిరుగుతున్నా ఆవిడ నా మొహంలోకి చూసి "లేదు" అంటోంది.

మిషన్ కట్టేశాను. ఇంకొక్క లాగు లాగి ఉంటే, ఉన్న ఒక్క చెవినీ నా చేతులారా పోగొట్టి ఉండేదాన్ని.

"ఎందుకాపావ్? నేను చెయ్యెత్తానా?" అని అత్తయ్య ఒంటికాలిమీద లేచింది.

"ఎత్తలేదు కాబట్టే ఆపాను!"

"ఎత్తితే ఆపేస్తావు. ఆపితే ఇది ఇలాగే ఉంటుంది. ఇలా ఉంటే రేపు పిల్లని పంపేస్తారు. ఆ నొప్పొక లెక్కా? పిల్ల లేని ఇంట్లో పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చోమంటావా?"

బయట టీవీ సౌండు ఇంకా పెరిగింది. ఎవరు వింటే నాకేం అనిపించింది. ఆవిడ చెవికి నోరు ఆనించి, నిన్నటినుంచి లోపల కుక్కుకున్నదంతా కక్కేశాను.

"చెవి మూసుకుపోతే మీ తప్పా? నేను రోజూ ఇలాంటివాళ్ళనే చూస్తాను అత్తయ్యా! వినపడట్లేదని మొదటిరోజే చెప్పి ఉంటే, ఆ సాయంత్రమే తీసేసేదాన్ని. చెప్పలేదు. తలూపారు. పిల్ల ఏడ్చినా వినపడదని మీకు తెలుసు. తెలిసీ దాన్ని ఒక్కదాన్నే మీతో ఉంచుకున్నారు. నాకు మంటెక్కింది అందుకు! చెవి బాగైనా నా భయం పోదు. రేపు ఇంకోటి దాస్తారు!"

ఈసారి అత్తయ్య తలూపలేదు. తన చేతులకేసి చూసుకుంది. "చెబితే నేను పనికిరానని అనుకుంటారని" అంది మెల్లగా.

నా కోపం ఎక్కడికో పోయింది. పక్కన కూర్చున్నాను. "మీరు నొప్పని చెబితేనే నేను దీన్ని తీయగలను. చెప్పకపోతే ముట్టుకోను. డాక్టరుగారు కూడా ముట్టుకోరు" అన్నాను. అరుస్తూనే అన్నాను, తప్పదు.

గోరువెచ్చని నూనె చుక్కలు వేసి, ఒక పక్కకి తల వాల్చి పడుకోబెట్టాను. ఈలోపు పక్కగదిలో మిగిలిన పేషెంట్లిద్దరినీ చూసి పంపించాను. అందులో ఒకాయన వెళ్ళబోతూ, "మీ అత్తగారిని జాగ్రత్తగా చూడమ్మా, పాపం" అన్నాడు. చెవులు మూసుకుపోయి వచ్చిన మనిషికి కూడా మా గొడవ మొత్తం వినపడిందన్నమాట.

నూనెకి గుబిలి కాస్త నానాక మళ్ళీ మొదలుపెట్టాను. గొట్టం ముద్దకి తగిలీ తగలకముందే అత్తయ్య చెయ్యి లేచింది. తీసేశాను. కళ్ళు చూశాను, నిలకడగా ఉన్నాయి. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుని, చెయ్యి దించి, కానిమ్మన్నట్టు చూసింది. ఈసారి కింది అంచునుంచి ప్రయత్నించాను. కొంతసేపు ఊరుకుంది, మళ్ళీ చెయ్యి లేచింది. ఎక్కడ నొప్పో వేలితో గాల్లో చూపించింది. పైన, వెనక. అక్కడ అంటుకుందన్నమాట. అటు పోకుండా ముందువైపునుంచి కొద్దికొద్దిగా వదులు చేస్తూ వచ్చాను. నా వీపంతా చెమటతో తడిసిపోయింది. లాగుతుంటే ఏదో తెగినట్టు చిన్న కుదుపు తగిలింది. గొట్టం చివర, చింతపిక్కంత నల్లటి ముద్ద బయటికి వచ్చేసింది.

వెంటనే లోపలికి చూడటానికి ధైర్యం చాల్లేదు. చూశాను. ముత్యంలా మెరుస్తున్న పల్చటి పొర, ఎక్కడా చిరుగు లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

"అత్తయ్యా! వినపడుతోందా?" అని అలవాటుకొద్దీ అరిచాను.

ఆవిడ రెండు చేతులతో చెవి మూసుకుంది. "ఎందుకమ్మా అలా గావుకేకలు పెడతావు! చెవులు చిల్లులు పడేలా!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఫోన్ తీసి మా ఆయనకి చేశాను. "అత్తయ్య ఇక్కడే ఉన్నారు. చెవి శుభ్రంగా వినపడుతోంది" అన్నాను. అవతల ఆయన గట్టిగా నిట్టూర్చడం వినపడింది. పాప దగ్గర్లోనే ఏదో కొడుతూ కేరుతోంది, గొంతు తిరిగి వస్తోంది దానికి. "అయితే క్రెష్‌వాళ్ళకి వద్దని చెప్పేయనా?" అని అడిగాడు.

చెప్పెయ్యండి అనబోతుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇంకోటుంది."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఆవిడ వంక చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు.

"ఎడంకన్ను మసకేసింది. కొన్నాళ్ళయింది. పిల్లనెత్తుకుని దిగుతుంటే మెట్టు ఎక్కడ అయిపోయిందో తెలియట్లేదు. కాలితో తడుముకుని దిగుతున్నాను." మాట ఒక్కొక్కటే వచ్చింది. "ఇప్పుడు వాడికి చెప్పుకో, ఏం చెప్పుకుంటావో."

మా మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో కళ్ళముందు కదిలింది. అరవాలనిపించింది. కానీ ఇది ఆవిడ చెప్పకపోయినా నడిచేది. ఫోన్ పెట్టేదాకా నోరు మెదపకుండా ఉంటే చాలు, పాప ఆవిడకి దక్కిపోయేది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా చెప్పింది.

"ఏమయింది? వింటున్నావా?" అంటున్నాడు ఆయన. "క్రెష్‌కి ఏం చెప్పను?"

"వద్దని చెప్పండి" అన్నాను. "రేపు కూడా సెలవు పెట్టండి, అత్తయ్యని కళ్ళ డాక్టరుకి చూపించాలి. ఆ కన్ను బాగయ్యేదాకా పిల్లనెత్తుకుని మెట్లు దిగడం మన వంతు. మిగతాదంతా ఎప్పటిలాగే అత్తయ్యే చూసుకుంటారు."

నేను మామూలు గొంతుతోనే అన్నాను. అత్తయ్య అన్నీ విని, నా మణికట్టు వదలకుండా అలాగే కూర్చుండిపోయింది.