అమృతపాణి వరుస

అరటిచెట్టు మొదలు చుట్టూ టేపు తిప్పి, అప్పలసూరి కొలత పైకి చదివాడు. తోట అధికారి నరసింహమూర్తిగారు రాసుకున్నారు. సబ్బవరం దగ్గర ఆ సర్కారు తోటలో మూడు రకాలు పక్కపక్కనే నాటారు: పొట్టి పచ్చరటి, చక్కెరకేళి, అమృతపాణి. ఏది త్వరగా ఎదుగుతుంది, ఏది పెద్ద గెల వేస్తుంది, ఏ పండు రుచి అని చూడటమే అక్కడి పని. సూరి సన్నటి మనిషి. అరటిజిగురుకి వేళ్ళు నల్లబడి, ఎంత తోమినా తెల్లబడేవి కావు.

గెలలు మాగాక పండ్లు కూలీలకు పంచి రుచి అడిగేవారు. సూరి తన వాటా తినేవాడు కాదు. తువ్వాలులో కట్టుకుని గోపాలపట్నంలో ఇంటికి పట్టుకెళ్ళేవాడు. గొంతు జబ్బుతో భార్య కాంతానికి అన్నం మింగుడుపడటం మానేసింది. పాలలో పిసికిన అరటిపండే తిండి. ఆమె చెప్పిన రుచే మర్నాడు అయ్యగారికి చెప్పేవాడు. బావ ఎల్లాజీ స్టీలుప్లాంటు పనికి రమ్మని ఎంత పోరినా ఈ పండ్ల కోసమే కదల్లేదు.

“అమృతపాణి వరుస తీసేద్దాం సూరీ,” అన్నారు నరసింహమూర్తి. ఆ చెట్ల ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి. “తెగులు పక్కవాటికి పాకుతుంది. గెలలూ చిన్నవే.”

“మా ఇంటిది అదొక్కటే ఇట్టంగా తింతది బాబూ.”

“తెలుసయ్యా. ఆఖరి గెలలో పండ్లు నువ్వే తీసుకెళ్ళు. ఎలా ఉన్నాయందో రేపు చెప్పు.”

సూరి గునపం అందుకున్నాడు. తను నాటిన చెట్లను తనే దుంపలతో సహా పెకలించి, కుప్పవేసి తగలబెట్టాడు. పచ్చి బోదెలు ఓ పట్టాన మండవు. కళ్ళు తుడుచుకుంటుంటే పొగవల్ల అనుకున్నారు తోటివాళ్ళు. అదంతా అయ్యేసరికి ఎప్పుడూ ఎక్కే బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సులో, కుదుపులకు ఊడిపోతున్న పండ్లను ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటి గుమ్మంలో పక్కింటి మంగాయమ్మ కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు.

“మద్దేనమే ఎల్పోనాది నాయనా. కబురెట్టడానికి ఎవులూ దొరకనేదు.”

సూరి పండ్ల మూట గుమ్మంలో దించాడు.

“ఏటైనా తిన్నాదా?”

“నువ్వొచ్చాక తింతానన్నాది.”

లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాడు. మంచం పట్టె మీద అతని రెండో చొక్కా ఉంది. ఊడిన గుండీ సగమే కుట్టి ఉంది. దారం చివర సూది ఇంకా వేలాడుతోంది.